కాలు నిలిచే చోటు



ఈ నెల మీతో పంచుకోబోయే సంగతి చాలా చిన్నది. మూరెడు వెడల్పు, రెండు మూరల పొడవు గల ఒక మెత్తని చాప గురించి. దాన్ని పడవ మెట్టు మీద ఎలా అంటించాలో నేర్చుకోవడానికి మాకు రెండు నెలలకు పైగా పట్టింది. ఆ రోజుల్లో నేర్చుకున్నది గమ్ గురించి మాత్రమే కాదు గనుక, కొంచెం సిగ్గుతోనే అయినా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాము.

మేముండేది ద్రాక్షారామంలో. ఈ పేరు చెప్పగానే ఎవరికైనా భీమేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. ఇక్కడినుండి దక్షిణంగా పది పన్నెండు కిలోమీటర్లు వెళితే కోటిపల్లి రేవు, గౌతమీ గోదావరి. ఆవలి ఒడ్డున ముక్తేశ్వరం. మనుషులూ మోటారు సైకిళ్లూ కార్లూ కలిసి పంటు మీద దాటడం ఆ రేవులో చూసినవారికి తెలుసు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852లో పూర్తి చేయించిన ఆనకట్ట దాటగానే గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. ఆ పాయల మధ్య కోనసీమ. పాయల్లోనే అక్కడక్కడ లంకలు. వరద వస్తే లంకల్లో చేలు మునుగుతాయి, తీస్తే మళ్లీ కూరపాదులు లేస్తాయి. అలాంటి ఒక లంకలో మా సంఘానికి చెందిన కుటుంబాలు తొమ్మిది ఉన్నాయి. వారు ఆదివారం కూడికకు రావాలన్నా, మేము వారి ఇళ్లకు వెళ్లాలన్నా పడవే దిక్కు.

ఆ పడవ పెద్ద రేవుది కాదు. ఏటిగట్టు దిగి, ఇసుకలో కొంత దూరం నడిచి ఎక్కే చిన్న ఫైబరు పడవ. వెనుక చిన్న ఇంజను. దాన్ని నడిపే సరంగు మా సంఘంవాడు కాడు. కార్తీక మాసంలో కోటిపల్లికి వెళ్లే భక్తులనూ దాటిస్తాడు, ఆదివారం ఉదయం మా విశ్వాసులనూ దాటిస్తాడు. ముసలివారి చెయ్యి పట్టుకుని దింపేటప్పుడు మాత్రం ఎవరు ఏ గుడికి వెళుతున్నారని అడగడు.

పడవ ముందు కొసన ఎక్కే చోట ఒక మెట్టు ఉంది. ఇంకొకటి వెనుక, సరంగు నిలబడి ఇంజను పిడి పట్టుకునే చోటు. ఈ రెండే కాలు నిలవవలసిన చోట్లు. ఫైబరు నున్నన. దాని మీద నీళ్లు, నీళ్లలో బురద, కొంతకాలానికి పాకుడు. లంకలో పొలం పని చేసి వచ్చినవారి కాళ్లు ఎలా ఉంటాయో పల్లెటూరి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. వర్షాకాలంలో ఆ మెట్టు మీద కాలు పెట్టడమంటే సబ్బు బిళ్ల మీద పెట్టినట్టే.

2022 నవంబరులో మాకు ఒక మంచి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన అని అప్పుడు అనుకున్నాము. బజారులో ఒక ప్లాస్టిక్ చాప కొని, మెట్టుకు సరిపోయేలా కత్తిరించి పరిచాము. సరంగు దాన్ని కాలితో ఒకసారి నొక్కి చూసి, “ఇది కదులుతాదండయ్యగారూ” అన్నాడు.

“నీళ్లు తగిలితే అదే అతుక్కుంటుందిలే అబ్బాయ్” అన్నాము.

ఆ ఆదివారం లంకవారు మమ్మల్ని మెచ్చుకున్నారు. పాస్టరుగారు చిన్న విషయం కూడా పట్టించుకుంటారని ఒకరు అన్నారు. ఆ మాట మాకు బాగానే ఉంది. సరంగు చెప్పిన మాట మరచిపోయాము.

డిసెంబరులో క్రిస్మస్ కూడికకు లంకనుండి ఒక మామ్మగారు బయలుదేరారు. వయసు డెబ్బై దాటింది. “చలి మంచు ఎక్కువగా ఉంది, ఈసారికి ఆగమంటారా?” అని ముందురోజు మనవడితో కబురు పెడితే, “తప్పక రండి, మీరు లేకపోతే కూడిక వెలితిగా ఉంటుంది” అని జవాబు పంపింది మేమే. ఉదయం మంచులో పడవ ఇవతలి ఒడ్డుకు చేరింది. ఆమె దిగబోతూ మెట్టు మీద కాలు మోపారు. కాలు నిలిచింది గాని, కాలి కింద చాప నిలవలేదు. చాపతో సహా జారి, పడవ అంచుకు తుంటి కొట్టుకుని పడ్డారు. సరంగు వెనుకనుండి ఒక్క దూకులో వచ్చి పట్టుకోకపోతే నీళ్లలోకి జారిపోయేవారు. కాకినాడలో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు.

ఇప్పుడు చెప్పవలసినది కష్టమైన మాట. ఆ సాయంత్రానికే ఊళ్లో అందరూ సరంగును తిట్టడం మొదలుపెట్టారు. పడవ సరిగా ఒడ్డుకు ఆనించలేదన్నారు. డబ్బు మీద ఆశే గాని మనుషుల మీద శ్రద్ధ లేదన్నారు. మా సంఘంలోని పెద్దలు ఇద్దరు ఇకమీదట వేరే పడవ మాట్లాడుకుందామన్నారు. ఆ మాట మా ముందే అన్నారు. చాప పరిచినది మేమని అందరికీ తెలుసు. అయినా అది ఎవరికీ గుర్తుకు రాలేదు, మేము గుర్తు చేయలేదు. అబద్ధం ఆడలేదు, నిజమే. నోరు తెరవలేదు, అంతే. సరంగు కూడా చాప సంగతి ఎత్తలేదు. రెండు వారాలు అతని పడవలో సగం మంది కూడా ఎక్కలేదు.

ఇంట్లోవారు ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగారు, “ఆ అబ్బాయి పిల్లల బడి ఫీజు ఎవరు కడతారో మీరు కనుక్కున్నారా?” అని. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ అన్నం మాకు సయించలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాము. మామ్మగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఎలాగున్నారని అడిగితే, తన సంగతి చెప్పకుండా, “ఆ పడవబ్బాయిని ఏమీ అననివ్వకండి అయ్యగారూ” అన్నారు. కాసేపాగి, “నా కాలు జారింది పడవ మీద కాదు బాబూ, చాప మీద” అన్నారు. మేము తల దించుకున్నాము. “మరి ఎవరికీ చెప్పలేదేమి మామ్మగారూ?” అని అడిగాము. “మీరు చెప్తారులే అని ఊరుకున్నాను” అన్నారు.

పదిహేను రోజులు ఆమె మా కోసం ఆగారు.

ఆ ఆదివారం ప్రసంగం ముగిశాక, కూర్చున్నవారిని లేవవద్దని చెప్పి, చాప పరిచినది మేమేనని, సరంగు కదులుతుందని చెప్పినా వినలేదని, ఆమె అందువల్లనే పడ్డారని, ఇన్నాళ్లు ఊరుకున్నామని చెప్పాము. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం రేవుకు వెళ్లి సరంగుకు అదే మాట చెప్పి క్షమించమని అడిగాము. అతను ఇంజను తుడుస్తూ, “మీరు మంచికే వేశారు కదండీ” అన్నాడు. తరువాత, “మంచికి వేసినా మేకు వెయ్యాలండి” అన్నాడు. ఎన్నో సంవత్సరాలుగా ప్రసంగాలు చెబుతున్నాము గాని ఇంత పొట్టి మాటలో ఇంత సంగతి ఎప్పుడూ చెప్పలేకపోయాము.

మేకు వేయడానికి వీలు లేదని తరువాత తెలిసింది. ఫైబరుకు రంధ్రం చేస్తే ఆ రంధ్రంలోనుండి నీళ్లు లోపలి పొరల్లోకి దిగి, కాలక్రమంలో అవి విడిపోతాయట. అందుచేత గమ్ తెచ్చాము. యౌవనస్థుల సహవాసంనుండి నలుగురు కుర్రాళ్లను తీసుకుని, ఒక సాయంత్రం పడవ దిగినవారు దిగుతుండగానే తడి మెట్టును గుడ్డతో తుడిచి, రబ్బరు చాపకు గమ్ పూసి అంటించేశాము. తెల్లవారి చూస్తే ఒక మూల లేచి ఉంది. మూడో రోజుకు చాప గోదావరిలో కలిసింది. మెట్టు మీద మాత్రం గమ్ గడ్డలు మిగిలాయి.

అప్పుడు మా సహాయానికి వచ్చినవాడు లంకలోని ఒక యౌవనస్థుడు. కోనసీమనుండి గల్ఫ్ దేశాలకు వెళ్లని ఊరు లేదు గదా. ఇతను కూడా దుబాయిలో సముద్రపు ఒడ్డున, అద్దెకిచ్చే నీటి బండ్లను కడిగి బాగుచేసే పనిలో ఆరు సంవత్సరాలు ఉండి, సంక్రాంతికి ఇంటికి వచ్చాడు. మా గమ్ గడ్డలను గోటితో గీకి చూసి నవ్వు ఆపుకున్నాడు.

“అయ్యగారూ, అక్కడ నేను రోజూ చేసిన పని ఇదేనండి. జెట్ స్కీలకు కాలి కింద మెత్త వెయ్యడం” అన్నాడు.

జెట్ స్కీ అంటే నీళ్ల మీద నడిచే మోటారు సైకిలు అనుకోవచ్చు. అయితే బయటికి కనబడే పంకా ఉండదు. అడుగునుండి నీళ్లు పీల్చి వెనుకనుండి బలంగా చిమ్ముతుంది, ఆ చిమ్మే బలానికే ముందుకు పోతుంది. 1960లలో అమెరికాలో క్లేటన్ జేకబ్‌సన్ అనే మోటారు సైకిలు పందెగాడు ఈ బండి కోసం పాటుపడ్డాడు. జపానుకు చెందిన కవాసాకీ కంపెనీ 1973లో దాన్ని జెట్ స్కీ అనే పేరుతో అమ్మకానికి తెచ్చింది. ఆ పేరు ఆ కంపెనీ సొంతమే గాని, ఇప్పుడు జనం అలాంటి బండ్లన్నింటినీ అలాగే పిలుస్తున్నారు. కవాసాకీ మొదట తెచ్చినవి కూర్చుని నడిపేవి కావు, నిలబడి నడిపేవి. ఇప్పటికీ పందేలకూ విన్యాసాలకూ అవి ఉన్నాయి. సీటు ఉండదు. వెనుక భాగంలో తొట్టిలాంటి చోటు ఉంటుంది. మొదట అందులో మోకాళ్లూని, వేగం పుంజుకున్నాక లేచి నిలబడాలి. అల వచ్చినప్పుడు ఒంటికి దెబ్బ తగలకుండా కాచేది వంగిన మోకాళ్లే. ఆ మోకాళ్లకు ఆధారం పాదాలు. పాదం జారితే మనిషి నీళ్లలో ఉంటాడు. అందుకే నడిపేవాడి మణికట్టుకు ఒక తాడు కట్టి, అతను పడగానే ఇంజను ఆగిపోయేలా చేస్తారట.

ఆ తొట్టి అడుగునా, లోపలి పక్కల మీదా మెత్తని చాప అంటిస్తారు. మడమ వెనక్కి జారకుండా కొంచెం ఎత్తు ఇస్తారు. గాలిలోకి ఎగిరి తిరిగేవారైతే పాదం దూర్చుకోవడానికి పట్టుల్లాంటివి కూడా బిగించుకుంటారు. ఎగిరినప్పుడు బండి పాదాన్ని విడిచిపోకుండా అవి పట్టి ఉంచుతాయి. వాటి లోపల కూడా మెత్త ఉండాలి, లేకపోతే మడిమలూ మీగాళ్లూ ఒరుసుకుపోతాయి. ఇదంతా వింటుంటే మాకు కొబ్బరి చెట్టెక్కేవారు కాళ్లకు వేసుకునే తాడు బందం గుర్తుకు వచ్చింది. చెట్టయినా నీళ్లయినా పాదానికి కావలసినది పట్టు.

ఆ మెత్త ఏమిటని అడిగాము. ఇవిఎ అనే నురుగు రబ్బరులాంటి పదార్థం. పూర్తి పేరు ఇథిలీన్ వినైల్ ఎసిటేట్. మనం వేసుకునే తేలికపాటి చెప్పుల అడుగు చాలావరకు అదే. దానిలోని గాలి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి గనుక స్పాంజిలాగా నీళ్లు పీల్చదు. పైన గళ్లు, చాళ్లు ఉంటాయి. పాదానికీ నేలకూ మధ్య నీటి పొర నిలిచినందువల్లనే జారుతాము. చాళ్లు ఆ నీటికి పక్కకు పోయే దారి ఇస్తాయి. మోటారు టైరుకు గాట్లు ఎందుకో దీనికీ అందుకే. మేము పరిచిన చాప సరిగ్గా దీనికి విరుద్ధమైన పని చేసింది. తన కింద నీటిని దాచిపెట్టింది.

జెట్ స్కీకి అమ్మే చాపలు ఇక్కడ దొరకవు గనుక, రాజమండ్రిలో చెప్పుల సామాను అమ్మే కొట్టులో దాదాపు ఆరు మిల్లీమీటర్ల మందం గల గళ్ల షీటు తెచ్చాడు. మేము నల్లది అయితే మాసినా కనబడదన్నాము. అతను బూడిద రంగుది తీసుకున్నాడు. మే నెల ఎండలో నల్ల చాప మీద ఒట్టి కాలు పెట్టి చూడమన్నాడు.

2023 ఫిబ్రవరిలో, మంచు తగ్గి ఎండ బాగా కాస్తున్న రెండు రోజులు సరంగును అడిగి పడవను ఇసుక మీదికి లాగాము. ఆ రెండు రోజుల కూలి సంఘంనుండి ఇస్తామంటే ఒక రోజుదే తీసుకున్నాడు. పని ఇలా జరిగింది. పడవలున్న ఊళ్లవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాము.

మొదటి రోజంతా అంటించడం లేదు, తీయడమే. మా పాత గమ్ గడ్డలను అసిటోన్‌లో తడిపిన గుడ్డతో మెత్తబరచి, మొద్దు రేకుతో గీకాము. అసిటోన్ పెయింట్ల కొట్టులో దొరుకుతుంది. అది క్షణంలో అంటుకునే ద్రావకం గనుక సరంగు చేతిలోని బీడీని ముందే దూరంగా పారవేయించాడు. గాలి ఆడే చోటనే చేయాలి, ఎక్కువసేపు ఒకే చోట నానబెడితే ఫైబరు పైపూత దెబ్బతింటుంది. తరువాత సబ్బు నీళ్లతో పాకుడంతా కడిగి, ఎండబెట్టి, 80 నంబరు గరుకు కాగితంతో మెట్టు నిగనిగలాడడం పోయేదాకా రుద్దాము. మాకు నచ్చనిది ఇదే. అంత నున్నని మెట్టును చేతులారా గీతలు పెట్టడమేమిటని అడిగితే, “నున్నగా ఉంటే గమ్‌కు పట్టేముంటుందండి?” అన్నాడు. రుద్దిన పొడి తుడిచి, మళ్లీ ఒకసారి శుభ్రమైన గుడ్డతో అసిటోన్ తుడిచాడు. ఆ తరువాత ఎవరినీ వేలితో తాకనివ్వలేదు. వేలి జిడ్డు చాలట, అక్కడ అంటుకోకపోవడానికి.

కొలత కోసం పాత సిమెంటు సంచి కాగితం మెట్టు మీద పరచి, అంచులు గోటితో నొక్కి, ఆ ముద్ర మీద కత్తిరించాడు. షీటును ఆ కాగితం కన్నా చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా కోశాడు. మూలలు చదరంగా వదలకుండా పైసా బిళ్లలా గుండ్రం చేశాడు. చదరపు మూల కాలి వేలికి తగిలి త్వరగా లేస్తుంది, గుండ్రని మూల లేవదు. నీళ్లు పోయే కన్నం దగ్గర చాపలో సందు వదిలాడు.

రెండో రోజు గమ్. చెప్పులకు వాడే రబ్బరు గమ్మే. అయితే మేము చేసినట్టు ఒకవైపు కాదు, మెట్టుకూ పూయాలి, చాపకూ పూయాలి. పలుచగా, అంచుల దాకా. పూసిన వెంటనే అంటించకూడదు. పావుగంట ఆగి, వేలి వెనుకభాగంతో తాకితే అంటనప్పుడు అంటించాలి. మాకు ఆ పావుగంట చాలా పొడవుగా తోచింది. రెండుసార్లు “ఇక చాలేమో” అన్నాము. “అయ్యగారూ, ఈ గమ్ తడిగా ఉన్నప్పుడు కన్నా ఆరినట్టు కనబడినప్పుడే గట్టిగా పడుతుందండి” అన్నాడు.

రెండు పూతలూ ఒకసారి కలిశాయంటే మళ్లీ సర్దడానికి వీలుండదు. అందుకని ముందే గీత గీసుకుని, ఒక అంచు ఆనించి, చాపను మెల్లగా వాల్చుకుంటూ, మధ్యనుండి అంచులకు గాలి పోయేలా అరచేతితో ఒత్తాడు. తరువాత ఇంట్లో చపాతీ కర్ర తెప్పించి దానితో రుద్దాడు. ఆ కర్ర తరువాత మా ఇంట్లోవారికి పనికిరాలేదు, కొత్తది కొనిచ్చాము. సరంగు నిలబడే చోటకూ ఇలాగే వేసి, మడమ దగ్గర మరో పట్టీ ఎత్తుగా అంటించాడు. ఇంజను కుదుపుకు వెనక్కి జారకుండా ఆ ఎత్తు ఆపుతుంది. పూర్తిగా ఒక రాత్రీ ఒక పగలూ, ఇరవై నాలుగు గంటలు, నీటి చుక్క తగలనివ్వలేదు.

మర్నాడు సాయంత్రం అతను రెండు చేతులతో చాప అంచు పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. రాలేదు. తరువాత సరంగును బురద కాళ్లతో ఎక్కమని, పైన బిందెడు నీళ్లు పోశాడు. సరంగు ఆ మెట్టు మీద ఒంటి కాలి మీద నిలబడి మావైపు చూసి నవ్వాడు. చాప జారిన ఆ రోజునుండి అతను మా ముందు నవ్వడం అదే మొదలు.

ఆ యౌవనస్థుడు తిరిగి వెళ్లేముందు కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. ఎండకు ఈ పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది గనుక శాశ్వతం అనుకోకూడదు. మంచినీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగాలి గాని పెట్రోలు, కిరోసిన్ తగలనివ్వకూడదు. వారానికొకసారి అంచుల వెంట వేలు పోనిచ్చి చూడాలి. ఎక్కడైనా మూల లేస్తే ఆ రోజే తుడిచి, ఆరబెట్టి, మళ్లీ అంటించాలి. అంటించే వీలు లేకపోతే చాప మొత్తం పీకి పారేయాలి. “చాప లేని మెట్టు మీద జనం చూసుకుని దిగుతారండి. ఉన్నదనుకున్న చోటే పడతారు” అన్నాడు.

ఈ చాప వల్ల పడవ ప్రయాణం క్షేమమైపోయిందని మేము అనడం లేదు. 2018 జూలైలో మా గౌతమీ పాయలోనే పశువుల్లంక దగ్గర బడి పిల్లలున్న పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పెద్ద పడవ మునిగి ఎన్నో కుటుంబాలు ఏడ్చాయి. యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చినట్టు ప్రతి లంకకూ వంతెన రాలేదు. పట్టగలిగినంత మందినే ఎక్కించడం, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్టు ఉండడం, వరద పోటులో పడవ కట్టేయడం, ఇవి ముందు. ఇప్పుడు మా సంఘంనుండి ఆ పడవకు జాకెట్లు కూడా కొన్నాము. పిల్లలకు చిన్నవి వేరుగా కొన్నాము. పెద్ద జాకెట్టులోనుండి పిల్లవాడు జారిపోతాడు గనుక.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మాకు అనిపించేది ఒకటే. వేదాంత డిప్లొమా చదువులో నిలుకడ గురించి ఎన్నో పాఠాలు విన్నాము. జారేవారికి చేయి ఇమ్మని ఎందరికో చెప్పాము. అయితే మా సహాయం ఎదుటివారి కాలి కింద నిలుస్తుందో లేదో నొక్కి చూడలేదు. నొక్కి చూసినవాడు చెబితే వినలేదు. అంటించడం పావుగంట పనే. పాతది గీకి, కడిగి, గరుకు పెట్టడానికి రోజంతా పట్టింది. ఆ రోజును తప్పించుకోవాలని చూసినందుకే మా రెండో చాప గోదావరి పాలైంది. ఒప్పుకోవలసిన మాట ఒప్పుకోకుండా పైన మంచితనం పరిస్తే అదీ అంతే. మీలో ఎవరైనా ఎవరి విషయంలోనైనా ఇలా ఊరుకుని ఉంటే, ఆ మాట చెప్పడానికి ఇంకో ఆదివారం దాకా ఆగకండి. మీ కోసం ఎవరు ఆగి ఉన్నారో మీకు తెలియదు.

మామ్మగారు మంచంనుండి లేవడానికి మూడు నెలలు, చేతికర్రతో నడవడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. ఆ వేసవిలో మేమే లంకకు వెళ్లి ఆమె వాకిట్లో ప్రార్థన కూడిక జరిపేవారం. పడవ ఎక్కమని మేము ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాట అనే హక్కు మాకు లేదనిపించింది. తరువాత వరదలు వచ్చి పోయాయి.

2023 నవంబరులో కోత పండుగ. ఆ ఉదయం మేము రేవులో నిలబడి ఉండగా పడవ ఇవతలికి వచ్చింది. అందులో మామ్మగారు ఉన్నారు. ఒడిలో కొత్త ధాన్యం మూట. ఎవరూ రమ్మని కబురు పెట్టలేదు. సరంగు ఇంజను ఆపి ముందుకు వచ్చి ఒక చెయ్యి పట్టుకున్నాడు. మేము ఒడ్డునుండి రెండో చెయ్యి పట్టుకున్నాము. మా చెయ్యే వణుకుతోంది. ఆమె మెట్టు దగ్గర ఆగి, కిందికి వంగి, ఆ బూడిద రంగు చాపను చేతికర్ర కొసతో రెండుసార్లు పొడిచి చూశారు. కదలలేదు. అప్పుడు తలెత్తి అడిగారు.

“ఇంత శుభ్రంగా ఉంది, చెప్పులు విప్పాలా అయ్యగారూ?”

“వద్దు మామ్మగారూ, అలాగే దిగండి” అన్నాము.

ఆమె దిగారు.